చిటికెడు లోపం

స్టేషను వెనక వీధి, మేడ మీద గది
మార్చి 6

మామయ్యకి నమస్కారాలు.

ఫోనులో చెప్తే మీరు సగం విని, మిగతా సగం మీరే చెప్పేస్తారు. అందుకని రాస్తున్నాను. నాలుగో ఇంటర్వ్యూ కూడా పోయింది. పోతే పోయింది, అది జరిగిన తీరు వినండి.

పొద్దున తొమ్మిదికి రమ్మని ఒంటిగంటన్నరకి పిలిచారు. పదకొండు మందిమి ఒకే బెంచీ మీద ఒకళ్ళ మీద ఒకళ్ళం కూర్చున్నాం. గోడ మీద ‘మనుషులే మా ఆస్తి’ అని బోర్డు, దాని కింద మంచినీళ్ళ డ్రమ్ము. అందులో చుక్క నీళ్ళు లేవు. లోపల ముగ్గురున్నారు. మధ్యలో ఆయన నా కాగితం మీద టీ గ్లాసు పెట్టుకున్నాడు. రెండో ఆయన పెన్ను క్యాపు చెవిలో పెట్టి తిప్పుకుంటూ, అయిదేళ్ళ తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు అని అడిగాడు. నేను జవాబు చెప్తుంటే ఆ క్యాపు బయటికి తీసి, దాన్ని పరీక్షగా చూసుకుని, పెన్నుకి తగిలించి, హాజరు పట్టీలో సంతకం పెట్టమని అదే పెన్ను నా చేతికిచ్చాడు. పెట్టాను మామయ్యా. అవసరం నాది.

మూడో ఆయన, పాత ఉద్యోగం ఎందుకు వదిలేశారని అడిగాడు. మీరు చెప్పించిన ముక్కే చెప్పాను: వ్యక్తిగత కారణాలు. ఆడవాళ్ళకి ఆ కారణాలు ఎక్కువే లెండి అని ముగ్గురూ నవ్వుకున్నారు.

ఆ వ్యక్తిగత కారణాలు ఏమిటో మీకు తెలుసు. ఎనిమిదేళ్ళు దీపం ముందు కూర్చుని, నలకలున్నాయేమోనని ఇంజెక్షన్ సీసాలు చూశాను. నల్ల అట్ట ముందు అయిదు సెకన్లు, తెల్ల అట్ట ముందు అయిదు సెకన్లు. పోయిన జూలైలో ఆ బ్యాచ్ వచ్చింది. సీసా తిప్పితే చాలు, గాజు పొరలు లేచి మందులో తేలుతున్నాయి. నేను సంతకం పెట్టనన్నాను. సూపర్‌వైజర్ నా గడిలో తనే సంతకం గీకి బ్యాచ్ పంపించేశాడు. మర్నాడు మీరు వచ్చారు. నన్ను అక్కడ పెట్టించింది మీరు, వాళ్ళ మేనేజరు మీ స్నేహితుడు. దాచి తెచ్చిన సీసా ఒకటి కిటికీ దగ్గర పట్టి మీకు చూపించాను. మీకేమీ కనపడలేదన్నారు. కళ్ళకి పొర వచ్చిందేమో పాపం అనుకున్నాను. తర్వాత మీరు చెప్పారు, నేను రాజీనామా రాశాను.

ఎనిమిది నెలలైంది. ఏడాది పాటు దీపం ముందు కూర్చోకపోతే నా చూపు సర్టిఫికెట్ చెల్లదు. ఆ తర్వాత ఎక్కడికి వెళ్ళినా అట్టపెట్టెలు అతికించే దగ్గర్నుంచి మొదలుపెట్టాలి, నలభై ఒకటో ఏట. జూలై దాకా టైముంది, అంతే. నా బయోడేటా దీంతో పెడుతున్నాను. తప్పులు దిద్దండి.

మీ మేనకోడలు


పార్కు ఎదురు ఇల్లు, వరండా
మార్చి 11

గుండుసూదికి దీవెనలు.

నీ ఉత్తరం మీ అత్తయ్యకి చదివి వినిపించాను. పెన్ను క్యాపు దగ్గరికి వచ్చేసరికి తాగుతున్న టీ పక్కన పెట్టేసింది. ముప్పై ఒక్క ఏళ్ళు బట్టల మిల్లులో మనుషుల్ని ఏరుకునే కుర్చీలో కూర్చున్నవాణ్ణి, ఏం చెయ్యకపోయినా చెవి మాత్రం తిప్పుకోలేదు.

ఇక నీ బయోడేటా. కోప్పడకు తల్లీ, అది బయోడేటా కాదు, క్షమాపణ పత్రం. నాన్న పేరు, ఎత్తు, రక్తం గ్రూపు. రక్తం ఎలాగూ వాళ్ళు తాగుతారు, గ్రూపు మనం చెప్పక్కర్లేదు. ‘కష్టపడి పనిచేస్తాను’ అని రాశావు. పనిచెయ్యనని ఎవడైనా రాస్తాడా? అవన్నీ కొట్టెయ్. ఒక్క కాగితం చాలు. ఇద్దరు కలిసి పట్టినా మోయలేనంత పొగడ్త రాసుకొచ్చేవాళ్ళు మా దగ్గరికి. రెండో పేజీ నేను ఎప్పుడూ తిప్పలేదు. అన్నిటికన్నా పైన నువ్వు ఆఖరున చేసిన పని రాయి. రోజుకి ఎన్ని సీసాలు చూసేదానివో అంకె వెయ్యి. బాగున్నాయని నువ్వు వదిలిన వాటిలో ఎన్ని వెనక్కి వచ్చాయో రాయి. రాలేదంటే రాలేదనే రాయి, అంతకన్నా ఏం కావాలి. వాళ్ళ ప్రకటనలో ఏ మాటలు వాడారో చూసి, నీకు నిజంగా వచ్చిన పనికి ఆ మాటే వాడు. ఖాళీగా ఉన్న నెలలు దాచకు. దాచినదాన్నే వెతుకుతారు.

ఇంటర్వ్యూకి పది నిమిషాలు ముందు వెళ్ళు, గంట ముందు కాదు. జవాబు చెప్పాక ఆపెయ్. నువ్వు ఊరుకున్నాక కూడా వాళ్ళు చూస్తూనే ఉంటారు, భయపడి ఇంకో ముక్క కలపకు. కొంపలు ముంచేది ఆ రెండో ముక్కే. చివర్లో నువ్వూ ఒక ప్రశ్న అడుగు, రోజుకి ఎంత మందికి ఎన్ని దీపాలు అని. పని తెలిసిన మనిషని తెలిసిపోతుంది.

పాత కంపెనీ గురించి చెడు మాట్లాడకు. తిట్టేవాణ్ణి చూస్తే రేపు మనల్నీ తిడతాడని రాసుకునేవాణ్ణి. ఆ బ్యాచ్ ఊసు అసలే ఎత్తకు. అయిపోయినదాన్ని కెలికితే కంపే.

కింద రిఫరెన్సు అని నా పేరు పెట్టు. నీ ఇంటిపేరు వేరు, నాది వేరు, చుట్టరికం ఎవరికీ తట్టదు. ఫోను వస్తే నేను చూసుకుంటాను.

మీ మామయ్య


స్టేషను వెనక వీధి
ఏప్రిల్ 19

మామయ్యకి నమస్కారాలు.

మీరు చెప్పినట్టే రాశాను. రోజుకి రెండు వేల సీసాలు అని అంకె వేసి, ఎనిమిదేళ్ళకి ఎన్నవుతాయా అనుకుంటే నాకే కళ్ళు తిరిగాయి. కాగితం బాగుంది. పదిహేను రోజుల్లో రెండు చోట్ల పిలిచారు.

రెండూ బాగా జరిగాయి. దీపాల ప్రశ్న అడగ్గానే ఒకచోట పెద్దాయన కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. రెండోచోట అయితే గది కూడా చూపించారు. రెండు చోట్లా ఒకటే మాట, మీ రిఫరెన్సుకి ఫోను చేసి చెప్తాం అని. రెండు చోట్లా ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. నేనే ఫోను చేస్తే, ప్రస్తుతానికి ఎవర్నీ తీసుకోవడం లేదన్నారు. కింద ఇంటి అమ్మాయి వాళ్ళ స్నేహితురాల్ని ఆ వారమే వాటిలో ఒకచోట తీసుకున్నారు. అంత నున్నగా అబద్ధం చెప్పే గొంతు వింటే ఫోను తుడుచుకోవాలనిపించింది.

ఆ అమ్మాయే నన్నొక ఉచిత క్లాసుకి లాక్కెళ్ళింది. మిలమిలలాడే బూట్లాయన ఒకడు నవ్వడం నేర్పిస్తున్నాడు. ఎనిమిది పళ్ళు కనపడాలట, తొమ్మిది కనపడితే వెకిలిగా ఉంటుందట. మీ బలహీనత ఏమిటని అడిగితే ‘అతిగా పనిచేయడం’ అని చెప్పమన్నాడు. ఇరవై మంది గొంతెత్తి మూడుసార్లు అప్పజెప్పారు. వాళ్ళలో ఒకాయనకి మీ వయసుంటుంది. ఆయన ఎనిమిది పళ్ళతో నవ్వుతుంటే చూడలేక లేచి వచ్చేశాను.

ఒక్కటి చెప్పండి. ఆ రెండు కంపెనీల నుంచి మీకు ఫోను వచ్చిందా? వస్తే ఏమన్నారు?

మీ మేనకోడలు


పార్కు ఎదురు ఇల్లు
ఏప్రిల్ 24

గుండుసూదికి దీవెనలు.

ఫోన్లు వచ్చాయి. చెప్పాల్సింది చెప్పాను. నీ పని బంగారం అన్నాను. కాలం బాగాలేదు తల్లీ, ప్రతి కుర్చీకీ వంద మంది. నువ్వు కూడా ప్రశ్న అడిగినవాళ్ళ మొహంలోకి సీసాలోకి చూసినట్టు చూడకు. ఎదుటివాడికి తనలో ఏదో నలక ఉందేమోనని భయం వేస్తుంది. గొంతు కాస్త తగ్గించు. మీ ఆయన బస్సు నడిపి అలిసి వస్తాడు, ఈ చికాకంతా అతని మీద చూపించకు.

అత్తయ్యకి మోకాళ్ళ నొప్పి. ఉంటాను.

మీ మామయ్య


స్టేషను వెనక వీధి
మే 30

మామయ్యా,

మీరేం చెప్పారో తెలిసింది.

మూడో కంపెనీలో కూడా అంతే అయింది. నా సర్టిఫికెట్ల నకళ్ళు తెచ్చుకుందామని వెళ్ళాను. అక్కడ మనుషుల్ని తీసుకునే సెక్షనులో ఒకావిడ ఉంది. నకళ్ళు చేతికిచ్చి, తలుపు దగ్గరికి వేసి, మీరు వేరే పేరు పెట్టుకోండమ్మా అంది. నాకు అర్థం కాలేదు. ఆవిడ రిజిస్టరు నా వైపు తిప్పింది. మీ పేరు, మీ ఫోను నంబరు, ఆ కింద మీరన్న మాటలు. ‘పని బంగారం. కానీ మాట వినే మనిషి కాదు. పైవాళ్ళకి ఎదురు తిరుగుతుంది. చూసుకుని తీసుకోండి.’

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటే ఇదే. కాగితం మీరే దిద్దారు, ఎలా కూర్చోవాలో మీరే నేర్పారు, గుమ్మం దాకా మీరే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళారు, తలుపు కూడా మీరే వేశారు. మూడు చోట్ల వేశారు. పైగా గొంతు తగ్గించుకోమని నాకు ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం రాసేటప్పుడు మీ చెయ్యి ఆగలేదా?

ఇంటికొచ్చి రెండుసార్లు చేతులు కడుక్కున్నాను. చెవిలో తిప్పిన పెన్ను పట్టుకున్న రోజు కూడా నాకింత రోత పుట్టలేదు. వాడెవడో పరాయివాడు. మీరు మా అమ్మ తోబుట్టువు.

ఇంకా నెల రోజులుంది నా సర్టిఫికెట్‌కి. మీ పేరు కొట్టేశాను. ఎందుకలా చేశారో రాయండి. తిప్పి తిప్పి రాయకండి.


పార్కు ఎదురు ఇల్లు
జూన్ 5

తల్లీ,

ఈ ఉత్తరం అత్తయ్యకి చదివి వినిపించలేదు.

మా మిల్లులో ఒక పద్ధతి ఉండేది. పెట్టింది నేనే. రిఫరెన్సు ఇచ్చేవాడు అంతా పొగిడితే ఆ మాట నమ్మేవాళ్ళం కాదు, ఎవడో బంధువు అయ్యుంటాడని కాగితం పక్కన పడేసేవాళ్ళం. ఒక్క లోపం చెప్తేనే మిగతా మంచి అంతా నిజమని లెక్క. ముప్పై ఏళ్ళు అలా చూసి చూసి, నన్నెవరైనా అడిగినా చిటికెడు లోపం కలిపి చెప్పడం అలవాటైంది. మీ అన్నయ్య గురించి అడిగితే కోపం ఎక్కువ అన్నాను, వాడికి పది మంది మీద పెత్తనం ఇచ్చారు. మా చిన్నోడి గురించి ఇంటికి వెళ్ళడమే మర్చిపోతాడన్నాను, వాడికీ వచ్చింది. నీకూ అలాగే పనికొస్తుందనుకున్నాను. మగవాడి కోపం వాళ్ళకి చురుకుదనంగా కనపడుతుందని, ఆడదాని ఎదురుమాట తలనొప్పిగా కనపడుతుందని తెలియని వయసు కాదు నాది. అయినా తట్టలేదు.

ఇంతవరకు రాసి, కవరు అంటించి, వీధి చివర పోస్టు డబ్బా దాకా వెళ్ళాను. మళ్ళీ ఇంటికొచ్చి కవరు చింపి మిగతాది రాస్తున్నాను. తిప్పి తిప్పి రాయద్దన్నావుగా.

నీలో లోపాలకేం కొదవ. పొద్దున్నే పలకరిస్తే కరుస్తావు. అందరూ భోజనానికి లేచినా బల్ల సర్దుకుంటూ కూర్చుంటావు. వాటిలో ఏదైనా చెప్పొచ్చు. చెప్పలేదు. ఫోను ఎత్తగానే నోటికొచ్చింది ‘మాట వినదు’ అని. మూడుసార్లూ అదే వచ్చింది. జూలైలో ఆ మేనేజరు నాకు ఫోను చేసి, మీ అమ్మాయి మా కొంప ముంచుతోందండీ అన్నప్పుడు నాకు తల కొట్టేసినట్టయింది. నేను మాట్లాడతాను, నా మాట వింటుంది అని వాడికి మాటిచ్చి నీ దగ్గరికి వచ్చాను. ఆ గడిలోది నీ సంతకమేనని ఒప్పుకోమంటే ఒప్పుకోనన్నావు. వాడి ముందు నా పరువు పోయిందని లోపల ఉడుకు. అది ఇన్నాళ్ళూ చల్లారలేదు. నీ పొట్ట మీద కొట్టి తీర్చుకున్నాను.

నా కళ్ళకి పొర లేదు. కిటికీ దగ్గర నువ్వు పట్టుకున్న సీసాలో చేప పొలుసుల్లా తళతళమంటూ తిరిగాయి. చూశాను. కనపడలేదన్నాను. నువ్వు లోపలికి వెళ్ళినప్పుడు ఆ సీసా కొళాయి కింద ఒంపేసి, పగలగొట్టి చెత్తలో వేశాను. పిల్లి తీసుకుపోయిందేమోనని నువ్వు మంచం కింద వెతుకుతుంటే నేనూ వంగి వెతికాను.

అద్దంలో మొహం చూసుకుని గడ్డం గీసుకోవాలంటే అసహ్యంగా ఉంది. నిన్ను క్షమించమని అడిగే నోరు నాకు లేదు.

మామయ్య


స్టేషను వెనక వీధి
జూన్ 22

మామయ్యా,

పదహారు రోజులు మీ ఉత్తరం నా దిండు కింద ఉంది. మంచం కింద వెతికిన సంగతి దగ్గరికి రాగానే ప్రతిసారీ మడిచి పెట్టేశాను. ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని వెతికాం. మీ నడుం పట్టేసిందని నేను చెయ్యిచ్చి లేపాను.

నిన్న కంటి మందులు చేసే చోట ఇంటర్వ్యూకి వెళ్ళాను. నాణ్యత చూసే పెద్దావిడ ఒక్కతే కూర్చుంది. ముందు వంద సీసాలు ఇచ్చి, బల్ల ముందు కూర్చోమంది. లోపమున్నవి పది కలిపి పెట్టారట. పదకొండు తీశాను. పది అని పట్టీలో ఉంది కదా అంది. మళ్ళీ చూడండన్నాను. తనే దీపం ముందుకి వచ్చి చూసింది. పదకొండోదాని మెడ దగ్గర వెంట్రుకంత బీట ఉంది. పట్టీలో పది కొట్టేసి పదకొండు రాసుకుంది.

తర్వాత, పాత ఉద్యోగం ఎందుకు వదిలేశారంది. మీరు నేర్పిన జవాబు నోటిదాకా వచ్చింది. ఉమ్మేద్దామన్నంత వెగటుగా ఉంది. ఉన్నదున్నట్టు చెప్పాను. చెప్పాక ఆపేశాను, ఇంకో ముక్క కలపలేదు. ఆవిడ కాగితాల్లోంచి నా రాజీనామా నకలు తీసి చూసింది. ‘మీ మాట నేను నమ్ముతున్నాను. కానీ మీ రాజీనామాలో వేరే కారణం ఉంది. తెలిసినవాళ్ళెవరైనా రాసిస్తారా?’ అంది.

తెలిసినవాళ్ళు మీరొక్కరే. నా గురించి మంచి రాయద్దు, చెడు రాయద్దు. మీరు చూసింది రాయండి, చేసింది రాయండి, కింద సంతకం పెట్టండి. జూలై మొదటి వారం దాటితే నాకు అక్కర్లేదు. రాయలేకపోతే ఆ సంగతైనా ఒక కార్డు ముక్క మీద రాయండి, ఎదురుచూడను.


పార్కు ఎదురు ఇల్లు
జూన్ 27

నాణ్యతా విభాగం అధికారిణి గారికి,

మీరు ఎవరి గురించి అడిగారో ఆమెకి నేను సొంత మేనమామని. ఇంతకు ముందు ఫోను చేసిన మూడు కంపెనీలకి ఆ సంగతి దాచి, ఆమె మాట వినే మనిషి కాదని చెప్పాను. ఆమెకి ఆ మూడు ఉద్యోగాలూ రాకుండా పోయింది నా వల్ల.

పోయిన జూలైలో ఆమె ఒక బ్యాచ్ ఇంజెక్షన్ సీసాల్లో గాజు పొరలున్నాయని సంతకం పెట్టలేదు. ఆమె గడిలో సూపర్‌వైజర్ సంతకం పెట్టాడని మేనేజరే నాతో అన్నాడు, నవ్వుతూ అన్నాడు. ఆ బ్యాచ్‌లో సీసా ఒకటి ఆమె నాకు చూపించింది. అందులో గాజు పొరలు నా కళ్ళతో చూశాను. చూడలేదని చెప్పి, ఆ సీసాని నేనే పగలగొట్టాను. ఆమె రాజీనామాలో ఉన్న ప్రతి మాటా నేను చెప్పి రాయించింది. పక్కన కూర్చుని, పేజీ కింద వేలు పెట్టి ఇక్కడ సంతకం పెట్టమన్నాను. పెట్టింది. ఆమె నా మాట విన్నది ఆ ఒక్కసారే.

ఆ సీసాలు లారీ ఎక్కాయి. ఏ ఆసుపత్రులకి వెళ్ళాయో, ఎవరి నరాల్లోకి ఎక్కాయో నేను ఏ రోజూ ఎవర్నీ అడగలేదు.

ఇది ఎవరి బలవంతం మీదా రాసింది కాదు. మీరు ఎవరికి చూపించినా నాకు అభ్యంతరం లేదు.

(సంతకం)
పూర్వపు నియామకాల అధికారి, బట్టల మిల్లు


స్టేషను వెనక వీధి
జూలై 3

మామయ్యా,

ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరమన్నారు.

మీ ఉత్తరం ఆవిడకిచ్చాను. రెండుసార్లు చదివింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. చేరండి అంది. నేను దణ్ణం పెట్టి లేవబోతుంటే, ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని నా వైపు జరిపింది. ఇది మా ఫైల్లో ఉండకూడదమ్మా, రేపెవరైనా చూస్తే తెలిసి ఏం చేశారని మమ్మల్ని అడుగుతారు, తీసుకెళ్ళిపోండి అంది. అంత మంచి మనిషీ అంతే. నేను తీసుకుని మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఉద్యోగం వచ్చిందన్న సంతోషంలో బస్సెక్కాను కూడా.

రెండు స్టాపులు దాటాక నా మీద నాకే అసహ్యం వేసింది. ఏడాదిగా బయోడేటాలో ఏ ముక్క పైన పెట్టాలి, ఏది కింద పెట్టాలి అని చూసుకున్నానే గాని, ఆ మందు గడువెంతో ఒక్కసారి వేళ్ళు మడిచి చూసుకోలేదు. ఇంకా ఏడాది ఉంది మామయ్యా. ఆ సీసాలు ఇవాళ కూడా ఎక్కడో అరల్లో ఉన్నాయి. నా దగ్గర రుజువు లేదని చెప్పుకుని నిద్రపోయాను. ఎవర్నీ అడగలేదని మీరు రాశారు. నేనూ అడగలేదు.

బస్సు దిగి మందుల తనిఖీ ఆఫీసుకి వెళ్ళాను. మూడు గంటలు నిలబెట్టారు. ఒక గుమాస్తా ఇది మీ ఇంటి గొడవలా ఉందే అని ఆవలించాడు. పక్క గదిలో ఒకాయన చదివి, ఆవలించినవాణ్ణి పిలిచి బ్యాచ్ నంబరు రాసుకోమన్నాడు. ఆ నంబరు నాకు నోటికి వచ్చు. మీ ఉత్తరం వాళ్ళు ఉంచుకుని నాకు నకలు ఇచ్చారు. ఎవరికి చూపించినా అభ్యంతరం లేదని రాశారు కాబట్టి మిమ్మల్ని అడగలేదు. నా పేరు, నేను చేరబోయే కంపెనీ పేరు కూడా రాసుకున్నారు. నాకు ఉద్యోగమిచ్చిన ఆవిడకి తెలియకుండా ఉండదు.

సోమవారం ఎనిమిదింటికి గేటు దగ్గరికి వెళ్తాను. లోపలికి రానిస్తే దీపం ముందు కూర్చుంటాను.

బుధవారం లోపు తనిఖీ ఆఫీసు నుంచి మీ ఇంటికి ఇద్దరు వస్తారట. మీ స్నేహితుడు ఆ మేనేజరు అంతకు ముందే ఫోను చేస్తాడు, ఎత్తకండి. వాళ్ళు మీ ఎదురుగా కూర్చుని సీసాలో ఏం చూశారని అడుగుతారు. చూసింది చెప్పి ఆపేయండి.

మీ మేనకోడలు